పట్టికలో లేని పిల్లలు

సిద్ధార్థ ముఖర్జీ 2010లో ప్రచురించిన ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ గురించి తెలుగు మిత్రులతో ఎప్పుడు మాట్లాడినా సంభాషణ కాసేపటికి ఎల్లాప్రగడ సుబ్బారావు దగ్గరికి చేరుతుంది. చేరవలసిందే. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, తరువాత న్యూయార్క్‌కు దగ్గరలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ పరిశోధనశాలకు నేతృత్వం వహించిన మనిషి ఆయన. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947 చివర సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రెండేళ్ళ బాలుడికి ఇచ్చాడు. ముఖర్జీ తన పుస్తకాన్ని అంకితమిచ్చింది ఆ బాలుడికే. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసం ప్రకారం, తీవ్ర ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

నేనూ ఆ పుస్తకాన్ని మొదటిసారి ఈ గర్వంతోనే చదివాను. రెండవసారి చదివేనాటికి నా పని కొంత మారింది. ఆసుపత్రి వైద్యంతోబాటు, చిన్నపిల్లల ల్యుకేమియాలో ఫలితాలు కుటుంబాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి ఎందుకు వేరుగా ఉంటాయో వెతికే బహుకేంద్ర పరిశోధనల సమన్వయంలో కొన్నేళ్ళుగా నాకూ ఒక చిన్న భాగం ఉంది. ఆ పని చేస్తూ చదివితే అవే పుటలు మరో ప్రశ్న వేశాయి: మందు దొరికిన తరువాత అది ఎవరి పిల్లలకు అందింది?

ఆ ప్రశ్నకు ముందు కథ కూడా ఒకటి ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి వెళ్ళి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించింది. ఈస్ట్ నుంచి చేసే మార్మైట్ అనే చవక ఆహారంతో అది నయమవుతోందని గుర్తించింది. అందులో ఉన్న ఆ తెలియని పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. సుబ్బారావు బృందం 1940లలో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లు ఆ దారిలోనే వచ్చాయి. అంటే ఈ వైద్యం పుట్టుకలో బొంబాయి మిల్లు స్త్రీల రక్తం ఉంది, భీమవరం పిల్లవాడి మేధ ఉంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కల్లో, సంపన్న దేశాల్లో క్యాన్సర్ సోకిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, అనేక పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం మందైనా కోలుకోవడం లేదు. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం పిల్లలు బతకాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఆ జాబితాలో మొదట నిలిచే జబ్బుల్లో తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా ఒకటి. మెథోట్రెక్సేట్ ఈనాడు ఖరీదైన మందు కాదు. కాబట్టి తేడాకు కారణం మందు సీసా బయట వెతకాలి.

కెనడాలో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో 90 శాతం దాకా ఐదేళ్ళు దాటి బతుకుతారు. ఇక్కడ ఆసుపత్రిలో ఎవరూ బిల్లు చేతికివ్వరు. అలాంటి చోట అసమానతలు ఏముంటాయని మిత్రులు అడుగుతారు. బతకని ఆ కొద్దిమంది ఎవరన్నదే మా ప్రశ్న. దానికి ఒక్క ఆసుపత్రి సమాధానం చెప్పలేదు. దేశం మొత్తంలో పదిహేనేళ్ళలోపు పిల్లల్లో ఏటా సుమారు 1,000 మందికి క్యాన్సర్ వస్తుంది. అందులో మూడో వంతు ల్యుకేమియా. ఆ మూడో వంతును కేంద్రాల మధ్య పంచి, మళ్ళీ వ్యాధి తిరగబెట్టినవారిని విడదీసి, వారిలో దూరప్రాంతాల వారినీ వలస కుటుంబాల వారినీ వేరుచేస్తే ఒక్కో కేంద్రంలో మిగిలేది వేళ్ళ మీద లెక్కపెట్టదగిన సంఖ్య. అందుకే ఇక్కడి పిల్లల క్యాన్సర్ కేంద్రాలు 17 అన్న లెక్కతో పేరు పెట్టుకున్న సీ17 మండలి ఏర్పడింది. దాని సహకారంతో 2001 నుంచి వచ్చిన కేసుల సమాచారాన్ని దేశవ్యాప్తంగా కూర్చే ఏర్పాటు ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 200కు పైగా ఆసుపత్రులను కలిపే చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ 2000లో ఏర్పడింది.

సమన్వయం అనే మాట వినడానికి గంభీరంగా ఉంటుంది. ఆచరణలో అది ఎక్కువగా మాటల అర్థాల మీద జరిగే బేరం. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో గోప్యతా చట్టం, ఒక్కో సంస్థకు ఒక్కో నైతిక సమీక్షా సంఘం, క్యూబెక్‌కు ఫ్రెంచి పత్రాలు. ఇవన్నీ దాటాక అసలు చిక్కు మొదలవుతుంది. ‘దూరం’ అంటే ఏమిటి? కిలోమీటర్లా, ప్రయాణపు గంటలా? నూనవుట్‌లోని బాఫిన్ ప్రాంతపు పిల్లవాడు చికిత్సకు ఒట్టావాకు విమానంలో రావాలి. జనవరి మంచు తుఫానులో ఆ దూరం రోజుల్లోకి మారుతుంది. ‘ఆదాయం’ అంటే ఏమిటి? కుటుంబాన్ని ఆదాయం అడగం గనక, పోస్టల్ కోడ్‌ను బట్టి ఆ పేట సగటు ఆదాయాన్ని వేసుకుంటాం. కాని ఇంటి యజమానికి, ఆ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే కుటుంబానికి పోస్టల్ కోడ్ ఒకటే. ఇక మాతృభాష, జాతి వంటి వివరాలను కెనడాలో చాలా ఆసుపత్రులు క్రమపద్ధతిలో నమోదు చేయవు. అడగకపోవడం మర్యాద అనుకుంటారు. ఆ మర్యాద వల్ల తేడా ఉందో లేదో తెలిసే దారి మూసుకుపోతుంది.

మరొక నియమం ఉంది. పట్టికలోని ఏ గడిలోనైనా సంఖ్య ఐదారు కంటే తక్కువైతే ఆ అంకెను ప్రచురించకూడదు. మనుషులను గుర్తుపట్టే ప్రమాదం ఉంటుంది. నియమం న్యాయమైనదే. కాని అతి చిన్న సమూహాలు, అంటే ఎవరి గురించి తెలుసుకోవాలని ఈ పని మొదలుపెట్టామో వారే, చివరి పట్టికలో ఒక చుక్క గుర్తుగా మారిపోతారు.

పట్టికలో కనబడని పిల్లలు ఇంకో రకం కూడా ఉన్నారు. చికిత్స మధ్యలో రావడం మానేసినవారు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో మన ప్రభుత్వాసుపత్రిలో అలాంటి పిల్లల కేసు షీటు మీద ‘లామా’ అని రాసి మూసేసేవాళ్ళం. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్ళిపోయారని దాని భావం. చెప్పకుండా వెళితే ‘అబ్‌స్కాండెడ్’ అని రాసేవారు. అది జైలు నుంచి తప్పించుకున్నవాడికి వాడే మాట. కెనడాలో భాష మృదువుగా ఉంటుంది, ‘లాస్ట్ టు ఫాలో అప్’ అంటారు. గణాంకశాస్త్రంలో ఇంకా మృదువుగా ‘సెన్సార్డ్’ అంటారు. మన సినిమా సెన్సారు చేసే పనే ఇదీ చేస్తుంది. 1958లో కాప్లన్, మేయర్‌లు ప్రతిపాదించిన పద్ధతిలో బతికినవారి శాతాన్ని మెట్లు దిగే గీతగా గీస్తాం. మధ్యలో వెళ్ళిపోయిన మనిషి ఆ క్షణం నుంచి లెక్కలోంచి తొలగుతాడు. ఉన్నవారికి ఏం జరిగిందో అతనికీ అదే జరిగి ఉంటుందని ఆ పద్ధతి ఊహిస్తుంది. ఉద్యోగం మారి మరో నగరానికి వెళ్ళిన కుటుంబం విషయంలో ఆ ఊహ సబబే. ల్యుకేమియాకు మందు ఆపేసి పల్లెకు వెళ్ళిపోయిన బిడ్డ విషయంలో అది అబద్ధం. ఆ బిడ్డ దాదాపు నిశ్చయంగా చనిపోతుంది, గీత మాత్రం కిందికి దిగదు. ఎక్కువమంది మానేసిన కొద్దీ ఆసుపత్రి ఫలితాలు ఉన్నదానికంటే మెరుగ్గా కనబడే విచిత్రం ఇందులో ఉంది.

ఇది గమనించే అంతర్జాతీయ పిల్లల క్యాన్సర్ వైద్యుల సంఘం 2011లో ఒక నిర్వచనం సూచించింది: వరుసగా నాలుగు వారాలు లేదా అంతకు మించి చికిత్సకు రాకపోతే దాన్ని చికిత్స ఆగిపోయినట్టుగా లెక్కించాలి. దానిని ఒక వైఫల్యంగా గీతలో చూపాలి. ఇంత చిన్న మార్పుకు ఎంత బలముందో బ్రెజిల్‌లోని రెసీఫె నగరం చెబుతుంది. అక్కడి పేదల ఆసుపత్రి 1980లలో నమోదు చేసిన ఫలితాల్లో, ఐదేళ్ళ తరువాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్న పిల్లలు 32 శాతం. మధ్యలో మానేసినవారు 16 శాతం. పిల్లలకు ప్రత్యేక విభాగం, మెరుగైన చికిత్సా పద్ధతి, శిక్షణ పొందిన నర్సులు, కుటుంబాలకు బస, రవాణా, సామాజిక కార్యకర్తలు అన్నీ కలిసి వచ్చాక, 1997-2002 మధ్య చేరిన పిల్లల్లో మొదటి సంఖ్య 63కు పెరిగింది, రెండవది అర శాతానికి పడిపోయింది. మానేసినవారిని లెక్కపెట్టడం మొదలుపెట్టాకే వారికోసం బస కట్టాలన్న ఆలోచనకు ఆధారం దొరుకుతుంది.

రాకపోవడమంటే ఆసుపత్రికి రాకపోవడమే కానక్కరలేదు. ఈ జబ్బు చికిత్సలో మొదటి నెలల తీవ్రత ముగిశాక దీర్ఘకాలం ఇంట్లో మందు వేసుకోవాలి. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. బిడ్డ బాగా తిరుగుతూ ఉంటుంది, బడికి వెళుతుంది, మందు మాత్రం ఆగకూడదు. స్మితా భాటియా నాయకత్వంలో చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ పరిశోధకులు మందు సీసాలకు ఎలక్ట్రానిక్ మూతలు బిగించారు. మూత తెరిచిన ప్రతిసారీ తేదీ, సమయం అందులో నమోదవుతాయి. 2012లో వెలువడిన ఫలితం: 95 శాతం కంటే తక్కువ రోజులు మందు వేసుకున్న పిల్లల్లో వ్యాధి తిరగబెట్టే ప్రమాదం గణనీయంగా ఎక్కువ. ఇరవై రోజుల్లో ఒక రోజు తప్పితే 95 శాతం. 2014లో అదే బృందం మరికొన్ని సమూహాలను చూసింది. తెల్లవారి పిల్లల్లో సగటు సుమారు 95 శాతం, ఆసియా మూలాల పిల్లల్లో 90, ఆఫ్రికన్ అమెరికన్ పిల్లల్లో 87. మూత చెప్పినదానికంటే కుటుంబాలు ఎక్కువ చెప్పడం సాధారణమని కూడా తరువాత తేలింది.

ఈ అంకెలు చదివినప్పుడు నాకు ఒక తెలుగు తల్లి గుర్తొచ్చింది. గుర్తుపట్టే వివరాలేవీ రాయను. క్లినిక్‌లో దుబాసీ లేని రోజున నన్ను పిలిచారు. నర్సు ఇంగ్లీషులో “ఏమైనా డోసులు తప్పాయా?” అని అడిగితే, ఆమె ఇంగ్లీషులోనే “లేదు” అంది. నర్సు వెళ్ళాక తెలుగులో నాతో ఇలా అంది:

“అన్నయ్య గారూ, వాళ్ళడిగితే అన్నీ వేశామనే చెప్తామండీ. పడుకోబోయే ముందు, ఖాళీ కడుపుతో వెయ్యమన్నారు కదా. మా ఆయన రాత్రి డ్యూటీకి పోతే చంటిదాన్ని నిద్రపుచ్చుతూ నేనూ నిద్రపోతాను. నెలలో రెండు మూడు రోజులు అలా అయిపోతుందండీ. చెప్తే పిల్లాణ్ణి సరిగా చూసుకోవట్లేదని రాసుకుంటారేమోనని భయం.”

నెలలో మూడు రోజులంటే 90 శాతం. ఆసియా మూలాల పిల్లల సగటుగా నేను చదివిన అంకె అది. పట్టికలో ఆ అంకె నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. ఆమె మాటల్లో అది ఒక రాత్రి డ్యూటీ, ఒక చంటిపాప, ఒక భయం. ఆ భయాన్ని ఆమె అనుమతితో నర్సుకు వివరించాను. వారు ఏ మందలింపూ లేకుండా మందు వేళ మార్చారు. ఖాళీ కడుపు నియమం గురించి కూడా చెప్పాలి. ఏళ్ళ తరబడి మేమందరం చెబుతూ వచ్చిన మాట అది. మూతల అధ్యయనం నుంచే 2017లో వెలువడిన మరో విశ్లేషణలో, ఏ వేళ వేసుకున్నారు, అన్నంతో వేసుకున్నారా లేదా అన్నవాటికి వ్యాధి తిరగబెట్టడంతో సంబంధం కనిపించలేదు. ముఖ్యం రోజూ వేసుకోవడం. తల్లులకు కష్టంగా ఉన్న ఒక నియమం అంత అవసరం కాదని తేలడానికి అన్ని ఆసుపత్రులు కలవవలసి వచ్చింది.

అన్ని తేడాలూ సామాజికమైనవే అనడం కూడా సరికాదు. మెర్కాప్టోప్యూరిన్ కొందరి శరీరాల్లో అతిగా పనిచేసి తెల్ల కణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. ఐరోపా మూలాల వారిలో దీనికి కారణమైన ఒక జన్యువు ఎప్పుడో తెలిసింది, పరీక్ష కూడా వచ్చింది. ఆ పరీక్షలో ఏ లోపమూ కనబడని ఆసియా పిల్లలు మాత్రం అదే డోసుకు కుప్పకూలేవారు. ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువు పాత్ర 2014లో కొరియాలోని పేగు వ్యాధి రోగుల్లో, 2015లో ల్యుకేమియా పిల్లల్లో బయటపడింది. రెండు ప్రతులూ లోపించిన పిల్లలు మామూలు డోసులో పదో వంతు కూడా తట్టుకోలేరు. తూర్పు ఆసియాలోనూ, మన దక్షిణాసియాలోనూ ఈ మార్పు అరుదు కాదు. పరిశోధనలో పాల్గొన్నవారిలో తెల్లవారి పిల్లలే ఎక్కువగా ఉన్నంతకాలం ఈ ప్రశ్న ఎవరికీ తోచలేదు. పట్టికలో లేకపోవడం శరీరానికి ఎంత హాని చేయగలదో దీనికంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఆ తల్లి భయానికి కెనడాలో పాత చరిత్ర ఉంది. 2014లో ఆంటారియోలో ల్యుకేమియా సోకిన ఇద్దరు ఆదివాసీ బాలికల కుటుంబాలు కీమోథెరపీ ఆపి తమ సంప్రదాయ వైద్యం వైపు వెళ్ళాయి. ఒక బాలిక విషయంలో ఆసుపత్రి కోర్టుకు వెళ్ళింది, పిల్లల సంరక్షణ సంస్థ జోక్యం చేసుకోవాలని కోరింది. ఆ ఏడాది నవంబరులో న్యాయమూర్తి కుటుంబం పక్షాన తీర్పు చెప్పారు. రెండవ బాలిక 2015 జనవరిలో మరణించింది. మొదటి బాలికకు వ్యాధి తిరగబెట్టడంతో కుటుంబం మళ్ళీ కీమోథెరపీకి అంగీకరించింది. సంప్రదాయ వైద్యమూ పక్కనే సాగింది. వైద్యుడిగా నాకు ఈ కేసులో ఏ మందు పనిచేస్తుందన్న విషయంలో సందేహం లేదు. అయితే ఆ కుటుంబాలు ఎందుకు వెళ్ళాయన్నది మందుల ప్రశ్న కాదు. 1940లలో, సరిగ్గా పెర్ల్ రివర్‌లో విటమిన్లను తయారుచేస్తున్న కాలంలోనే, ఇక్కడి ప్రభుత్వ పరిశోధకులు ఆదివాసీల వసతి బడుల్లో ఆకలితో ఉన్న పిల్లల మీద పోషకాహార ప్రయోగాలు చేశారు. కొందరికి విటమిన్లు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు, ఆకలిని మాత్రం తీర్చలేదు. 2013లో చరిత్రకారుడు ఇయన్ మోస్బీ దాన్ని వెలుగులోకి తెచ్చాడు. పిల్లల్ని తీసుకుపోయే కాగితాలూ, పిల్లల్ని కొలిచే కాగితాలూ అలాంటి చేతుల్లోంచే వచ్చిన జాతికి మా సమ్మతి పత్రం ఎలా కనబడుతుందో ఊహించుకోవచ్చు.

అందుకే ఆదివాసీ సంఘాలు 1998లోనే ఒక సూత్రం రూపొందించుకున్నాయి: తమ సమాచారానికి యజమానులు తామే, దాని నియంత్రణ, అందుబాటు, భద్రత తమ చేతిలోనే ఉండాలి. మరోవైపు, 2015లో సత్య, సయోధ్య కమిషన్ ఆదివాసీల ఆరోగ్యంలోని అంతరాలను కొలిచి ఏటా ప్రకటించమని ప్రభుత్వాన్ని కోరింది. కొలవమంటున్నదీ, కొలిచేవాడిని నమ్మలేకపోతున్నదీ ఒకే సమాజం. ఈ రెండిటి మధ్య నిలబడి పనిచేయడమే మా సమన్వయంలో అన్నిటికంటే నెమ్మదిగా సాగే భాగం. ఒప్పందం మీద సంతకానికి ఏడాది పట్టిందని విసుక్కునే సహోద్యోగులకు, ఆ ఏడాది పరిశోధనలో భాగమేనని చెబుతుంటాను.

మన దేశంలోనూ ఈ కలిసి పనిచేసే సంప్రదాయం కొత్తది కాదు. 1980లలో ఇయన్ మెగ్రాత్ చొరవతో ముంబై, చెన్నై, ఢిల్లీ కేంద్రాలు ఎంసీపీ-841 అనే ఒకే చికిత్సా పద్ధతిని అనుసరించాయి. పద్ధతి ఒకటే కావడంతో, ఫలితాల తేడాలకు పోషణ, ఆలస్యంగా రావడం, ఇన్‌ఫెక్షన్ల వంటి కారణాలను వెతకడం సాధ్యమైంది. తరువాత కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, చండీగఢ్, చెన్నై కేంద్రాలు కలిసి ఐసికిల్ అనే ట్రయల్ చేపట్టాయి. తెలుగునాట 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చులో పెద్ద భారాన్ని తీసింది. అయితే ఏ పథకమూ, ఆదిలాబాదు పల్లె నుంచి హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి రెండేళ్ళకు పైగా తిరిగే తండ్రి కోల్పోయే కూలిని లెక్కగట్టదు. ఇంట్లో మిగిలిన పిల్లల్ని ఎవరు చూస్తారన్నది ఏ ప్యాకేజీలోనూ ఉండదు. కెనడా తండ్రికి ఉద్యోగ బీమా ద్వారా జబ్బుపడ్డ బిడ్డ కోసం 35 వారాల దాకా భత్యం దొరుకుతుంది. తగినన్ని గంటల ఉద్యోగం కాగితం మీద చూపించగలిగితే. టాక్సీ నడిపేవాడు, నగదు కూలికి పనిచేసేవాడు ఇక్కడా చాలాసార్లు ఆ గీతకు బయటే ఉంటాడు.

మేము వాడే పత్రంలో, అపాయింట్‌మెంటుకు రాని సందర్భం కోసం ఒక గడి ఉంటుంది. కారణాలకు సంకేత సంఖ్యలు: రవాణా, ఉద్యోగం, వాతావరణం, అనారోగ్యం, ఇతరాలు. ‘ఇతరాలు’ పక్కన ఒక ఖాళీ గీత ఉండాలనీ, కుటుంబం చెప్పిన మాటను వాళ్ళ భాషలోనే రాసి, కింద అనువాదం ఇవ్వాలనీ మాలో కొందరం పట్టుబట్టాం. గణాంకవేత్తలకు దాంతో పెద్ద ఉపయోగం లేదు. వాక్యాల సగటు తీయలేరు. కాని పుస్తకాలు చదివే అలవాటున్నవాణ్ణి కనుక, కొత్త సమాచారం వచ్చిన ప్రతిసారీ అంకెల కంటే ముందు ఆ గీతనే చూస్తాను. ఒకసారి అక్కడ క్రీ భాషలో ఒక వాక్యం ఉంది. కింద అనువాదం: “మంచు కరిగాక వస్తామని చెప్పాం.” అది ఎవరికి చెప్పారో, ఎవరు రాసుకోలేదో కనుక్కోవడానికి ఆ వారమంతా పట్టింది. ఆ బిడ్డ మేలో వచ్చింది. అప్పటికే ఒక కేంద్రం పట్టికలో ఆమె పేరు ఎదురుగా ‘లాస్ట్’ అని ఉంది, దాన్ని కొట్టేయించాం.